దోమ పోటు అంటే దోమకాటు కాదు బాస్!

పోయినేడాది ఒక డెమో చూశాను. రైతు ఫోన్‌లో తెలుగులో అడిగితే ఏఐ బాట్ తెలుగులోనే జవాబిస్తుంది. స్లైడ్స్ అదిరాయి, గొంతు కూడా బాగుంది. చివర్లో మిర్యాలగూడ వైపు నుంచి వచ్చిన ఒకతను మైక్ తీసుకుని, "వరికి దోమపోటొచ్చింది, ఏం చెయ్యాలె?" అని అడిగాడు. బాట్ తడుముకోలేదు. "దోమతెర వాడండి. చుట్టూ నీరు నిలవకుండా చూసుకోండి. జ్వరం వస్తే డాక్టర్‌ని కలవండి" అంది.

హాలంతా నవ్వులే. అడిగినతను మాత్రం నవ్వలేదు. వాళ్లింట్లో వరి వేస్తారు.

తమాషా ఏంటంటే, ఆ జవాబులో ఒక ముక్క అనుకోకుండా కరెక్టే. దోమ పోటు వస్తే పొలంలో నీళ్లు తీసేసి ఆరబెట్టమనే వ్యవసాయ శాస్త్రవేత్తలు కూడా చెబుతారు. కానీ ఇక్కడ దోమ అంటే మనల్ని కుట్టే దోమ కాదు. వరి దుబ్బు మొదట్లో, నీళ్లకి కాస్త పైన గుంపులుగా చేరి రసం పీల్చేసే చిన్న గోధుమరంగు పురుగు. పైనుంచి చూస్తే చేను పచ్చగానే ఉంటుంది. ఉన్నట్టుండి మధ్యలో అక్కడక్కడా గుండ్రంగా, సుడి తిరిగినట్టు ఎండిపోతుంది. అందుకే దానికి సుడిదోమ అని పేరు. ఆ పేరులోనే రోగలక్షణం ఉంది. నాట్లు వేసేటప్పుడు ప్రతి 2 మీటర్లకు 20 సెంటీమీటర్ల కాలిబాట వదలమనేది కూడా దీని కోసమే. దుబ్బుల మొదళ్ల దాకా గాలి, వెలుతురు తగలాలి కదా.

ఇలాంటి పేర్లు వరిలో ఇంకా చాలా ఉన్నాయి. పిలక మామూలు ఆకులా విచ్చుకోకుండా ఉల్లికాడలా గొట్టమైపోతే ఉల్లికోడు. ఆకులు నిప్పు తగిలినట్టు మాడిపోతే అగ్గి తెగులు. అదే తెగులు వెన్ను మెడ దగ్గర పట్టి, అక్కడికి విరిగిపోతే మెడవిరుపు. ల్యాబ్, మైక్రోస్కోప్ లేని రోజుల నుంచీ గట్టు మీద నిలబడి చూసి పెట్టుకున్న పేర్లివి. పేరు తెలిస్తే సగం టెస్ట్ రిపోర్ట్ చేతిలో ఉన్నట్టే.

పైరు వయసుకీ వేరే మాటలున్నాయి. నారు, పిలకలు, చిరుపొట్ట, పొట్ట, ఆ తర్వాత "ఈనింది" అంటారు. ఆవు ఈనినట్టే వరి కూడా ఈనుతుంది, తర్వాత గింజ పాలు పోసుకుంటుంది. వినడానికి కవిత్వంలా ఉంటుంది కానీ ఇది అచ్చంగా క్యాలెండర్. నత్రజని ఎరువు ఆఖరి దఫా చిరుపొట్ట దశలో వెయ్యాలి. ఆ ఒక్క మాట మెషీన్‌కి అర్థం కాకపోతే ఎరువు తప్పు వారంలో పడుతుంది. ఆ డబ్బు కంపెనీది కాదు, రైతుది.

ఇప్పుడు నాకు బాగా నచ్చిన విషయం చెప్తాను. అగ్గి తెగులు గురించి మన వ్యవసాయ పుస్తకాల్లో "నూలు కండె ఆకారపు మచ్చలు" అని ఉంటుంది. కండె అంటే ఏంటో మనలో ఎంతమందికి తెలుసు? మగ్గం మీద అడ్డంగా నేసే దారాన్ని చుట్టుకునేది కండె. నడుమ లావుగా, రెండు కొసలూ సన్నగా ఉంటుంది. నాడెలో కూర్చుని పడుగు మధ్యలోంచి అటూ ఇటూ పరిగెడుతుంది. మగ్గం పోతే కండె పోతుంది, కండె పోతే వరి ఆకు మీది మచ్చని గుర్తుపట్టే వాక్యం కూడా గాల్లో కలిసిపోతుంది. ఒక వృత్తి మాట ఇంకో వృత్తికి ఇలా ఆసరాగా ఉంటుందన్నమాట. మా భాషలో చెప్పాలంటే డిపెండెన్సీ! ఒక లైబ్రరీ డిలీట్ చేస్తే ఎక్కడో సంబంధం లేదనుకున్న యాప్ క్రాష్ అవుతుంది చూడండి, అలాగే.

మగ్గం మాటల్లో 'ఆసు' మీలో చాలామంది వినే ఉంటారు, 2019లో వచ్చిన 'మల్లేశం' సినిమా పుణ్యమా అని. పోచంపల్లి తరహా చీరకి రంగులు అద్దకముందు, నూలుని ఒక మేకు నుంచి అర్ధచంద్రాకారంలో ఉన్న మేకుల మీదకి ఒక్కో పోగూ పొయ్యాలి. ఒక చీరకే వేల సార్లు చెయ్యి అటూ ఇటూ ఆడించాలి. ఆలేరు దగ్గర శారాజీపేటకి చెందిన చింతకింది మల్లేశం వాళ్లమ్మ భుజం నొప్పి చూడలేక 1999లో మెషీన్ తయారుచేశారు. ఆరో తరగతితో చదువు ఆపేసిన ఆయనకి 2017లో పద్మశ్రీ వచ్చింది. ఆ మెషీన్‌కి పెట్టిన పేరు లక్ష్మీ ఆసు యంత్రం. మొదటిది అమ్మ పేరు, రెండోది పని పేరు. మెషీన్ ఏం చేస్తుందో నేతగాళ్లకి ఎవరూ వివరించక్కర్లేదు. మా ఆఫీసులో ఒక ఫంక్షన్‌కి పేరు పెట్టడానికే రెండు మీటింగులు పడతాయి.

మరి ఈ మాటల్ని ఎవరూ రాసిపెట్టలేదా అంటే, పెట్టారు. భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో 'మాండలిక వృత్తి పదకోశం' మొదటి సంపుటం వచ్చింది. అదంతా వ్యవసాయం మాటలే. 1971లో చేనేత సంపుటం వచ్చింది. ఆఫీసులో కూర్చుని పాత పుస్తకాల్లోంచి ఏరిన మాటలు కావు, జిల్లాలు తిరిగి పనిచేసేవాళ్లని అడిగి పోగుచేసినవి. గుంటూరులో గట్టు, రాయలసీమలో గెనిమ, తెలంగాణలో ఒడ్డు. ఇలాంటి తేడాలన్నీ చూశాకే తెలుగుని నాలుగు మాండలిక ప్రాంతాలుగా గుర్తించగలిగారు. ఇవాళ డేటా కలెక్షన్ అని మనం కోట్ల ప్రాజెక్టులు వేసుకుంటున్న పనిని వాళ్లు నోటుపుస్తకం, పెన్నుతో చేశారు. వాటిని అచ్చువేసిన ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీని 1983లో రద్దు చేశారు. అదో పెద్ద కథ, ఇప్పుడొద్దు.

ఇప్పుడు మనందరి జేబుల్లో రికార్డర్ ఉంది. మాట దొరికితే విక్షనరీలో ఎక్కించొచ్చు. ఆంధ్రభారతి సైట్‌లో చాలా నిఘంటువులు ఒకేసారి వెతకొచ్చు. మొజిల్లా కామన్ వాయిస్‌లో తెలుగు గొంతు ఇవ్వొచ్చు. కానీ మాటకి ఎదురుగా అర్థం ఒక్కటే టైప్ చేస్తే ప్రయోజనం తక్కువని నా అభిప్రాయం. ఫొటో ఉండాలి, అసలు పనిచేసే మనిషి గొంతు ఉండాలి, ఆ మాట ఎప్పుడు వాడతారో ఉండాలి.

అడగడంలో కూడా చిన్న కిటుకు ఉంది. "దీన్నేమంటారు?" అని అడిగితే ఒక్క మాట వస్తుంది, అంతే. "ఇది పాడైతే ఏం చేస్తారు?" అని అడగండి. సంక్రాంతికి అమ్మమ్మవాళ్ల ఊళ్లో, పశువుల కొట్టం పక్కన పడున్న ఎడ్లబండి చూపించి మా మావయ్యని అలాగే అడిగాను.

"మావయ్యా, ఈ శీల ఊడిపోతే ఏమవుద్ది?"

"ఏమవుద్దిరా, ఇరుసులోంచి చక్రం జారిపోద్ది. చక్రం దారి దానిది, మన దారి మనది."

అక్కణ్నుంచి ఇరవై నిమిషాలు ఆగలేదు. కాడి, నొగ, చక్రం ఆకులు, దాని మీది ఇనప పట్టా, పట్టా వదులైతే ఎండాకాలంలో చక్రాన్ని నానబెట్టడం... చివరికి కందెన దగ్గరికొచ్చాడు. ఆముదంలో కాల్చిన గడ్డి మసి కలిపి వెదురు గొట్టంలో పోసి బండికి వేలాడదీసేవాళ్లట. ఇరుసు కిర్రుమంటే తీసి రాయడమే. నాకు నవ్వొచ్చింది. తెలుగు మీడియం ఫిజిక్స్‌లో ఘర్షణ పాఠం కింద 'కందెనలు' అని బట్టీపట్టి రెండు మార్కులు తెచ్చుకున్న మాట అది. పుస్తకం వాళ్లు ఎడ్లబండి దగ్గర్నుంచి తెచ్చుకున్నారని పాఠంలో ఎక్కడా లేదు.