తియ్యటి వైన్‌కు తీపి ఒక్కటే చాలదు

మన బజార్లలో కనిపించే తెల్ల ద్రాక్ష అనాబెషాహి, దిల్‌ఖుష్, థామ్సన్ సీడ్‌లెస్. వీటిలో అనాబెషాహి 19వ శతాబ్దం చివర్లో హైదరాబాదు తోటల్లో పాదుకున్న రకం. తినడానికి భేషైన పండు. మరి దీంతో తియ్యటి వైన్ చేయొచ్చా?

పండు పిండి ఒక్క చుక్క, చక్కెరను కొలిచే బ్రిక్స్ మీటరు అద్దం మీద వేసి వెలుతురుకు ఎత్తి చూడండి. నీలం, తెలుపు కలిసే గీత ఇంచుమించు 15 దగ్గర నిలుస్తుంది. అంటే లీటరు రసంలో 150 గ్రాముల చక్కెర. ఈస్ట్ లీటరుకు 17 గ్రాములు తింటే ఒక శాతం ఆల్కహాల్ వస్తుంది. మొత్తం తినేసినా 9 శాతం దాటదు, తీపేమీ మిగలదు. తీపి మిగలాలంటే ఈస్ట్ తినలేక వదిలేసేంత చక్కెర ఉండాలి, లేదా ఈస్ట్‌ను మధ్యలోనే ఆపాలి.

ఫ్రాన్స్‌లోని సొటర్న్‌లో సెమియాన్ అనే పల్చటి తోలు ద్రాక్షకు బోట్రైటిస్ అనే బూజు పడుతుంది. తోలుకు చిల్లులు పడి నీరు ఆవిరై, చక్కెర చిక్కబడుతుంది. మనం మందు కొట్టి తరిమే బూజు కోసం అక్కడివాళ్లు కాచుకుని కూర్చుంటారు! హంగరీలోని టోకాయ్‌లో ఫుర్మింట్ ద్రాక్షదీ అదే కథ. జర్మనీలో రీస్లింగ్‌ను సున్నాకు 7 డిగ్రీల దిగువన, గడ్డకట్టాక కోసి పిండుతారు.

చక్కెర ఎంతున్నా పులుపు లేకపోతే అది పానకమే. బాగా పండినా పులుపు వదలని రకాలు రీస్లింగ్, షెనిన్ బ్లాంక్. నాసిక్‌లో సులా కంపెనీ ఆలస్యంగా కోసిన షెనిన్ బ్లాంక్‌తోనే తియ్యటి వైన్ చేస్తోంది. మస్కట్ ద్రాక్ష బలం పులుపు కాదు, పరిమళం. దక్షిణ ఫ్రాన్స్‌లో దాని రసం పులుస్తుండగానే స్పిరిట్ పోసి ఈస్ట్‌ను ఆపేస్తారు.

మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల్లో పండు గడ్డకట్టేంత చలి ఉండదు, ఆ బూజుకు సాయపడే సొటర్న్ నదుల పొగమంచూ లేదు. అయితే మదనపల్లె సముద్రమట్టానికి సుమారు 700 మీటర్ల ఎత్తున ఉంది. చలికాలపు రాత్రుల చల్లదనం పులుపును కాపాడుతుంది. అక్టోబరులో తీగలు కత్తిరిస్తే కోత ఎండాకాలం మొదట్లో పడుతుంది, కొన్నాళ్లు తీగ మీదే వాడనివ్వొచ్చు. పిట్టల బెడద, వేసవి వడగళ్ల భయం మాత్రం తప్పవు.

నన్నడిగితే ఇక్కడ మొదటి ఓటు షెనిన్ బ్లాంక్‌కు, రెండోది మస్కట్‌కు. ఒక్కటి మరవకండి: చిన్న పండ్లు, గింజలతో ఉండే వైన్ ద్రాక్షను బజారులో ఎవరూ కొనరు. కర్ణాటకలోని నంది కొండల వైపు వైనరీలతో రాతపూర్వక ఒప్పందం చేసుకున్నాకే మొక్క నాటండి. సొంతంగా వైన్ తీసి అమ్మాలంటే ఎక్సైజ్ లైసెన్సు తప్పనిసరి.