ఆర్కైవ్ నిర్మాణంలో సింబాలిక్ లింకులు: పరిశోధన సామగ్రి భద్రత

1. ఉపోద్ఘాతం:

పరిశోధన ముగిసిన తరువాత ఆధార సామగ్రినంతటినీ ఒకే ఆర్కైవ్‌గా కట్టి భద్రపరచడం నేడు సాధారణమైంది. లినక్స్ కమాండ్ లైన్‌పై ఇందుకు టార్, జిప్ అనే ఆదేశాలు విరివిగా వాడుకలో ఉన్నాయి. టార్ 1979 నాటి యూనిక్స్ ఏడవ కూర్పులో వెలువడింది. సింబాలిక్ లింకులు 1983 నాటి 4.2 బీఎస్‌డీలో చేరాయి. సామగ్రిలో ఇటువంటి లింకులు ఉన్నప్పుడు పై రెండు ఆదేశాలూ భిన్నంగా ప్రవర్తిస్తాయి. ఆ భేదాన్ని, దాని పర్యవసానాలను వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. లింకు స్వరూపం:

సింబాలిక్ లింకులో విషయం ఉండదు. విషయం ఉన్న చోటికి దారి మాత్రమే ఉంటుంది. గ్రంథాలయంలోని సూచిక కార్డు పుస్తకం కానట్లే, లింకు కూడా అసలు ఫైలు కాదు. ఒక పరిశోధకుడు తాళపత్రాల ఛాయాచిత్రాలను వేరొక డిస్కులో ఉంచి, అధ్యాయాల ఫోల్డర్లలో వాటికి లింకులు మాత్రమే పెట్టుకున్నాడని భావించవచ్చు. పని జరుగుతున్నంత కాలం ఈ ఏర్పాటులో లోపం కనిపించదు. చిక్కు ఆర్కైవ్ చేసేటప్పుడే మొదలవుతుంది.

3. ఆదేశాల ప్రవర్తన:

గ్నూ టార్ సహజంగా లింకును లింకుగానే భద్రపరుస్తుంది. అందువల్ల అధ్యాయాల ఫోల్డర్లను మాత్రమే కడితే ఛాయాచిత్రాలు అందులో చేరవు. పెద్ద ఫోల్డర్‌కు దారి చూపే ఒక్క లింకును కట్టినా, కుదింపు లేనప్పుడు ఏర్పడే ఆర్కైవ్ పరిమాణం 10,240 బైట్లే. ఆదేశం ఏ హెచ్చరికా చేయదు. అసలు విషయం చేరాలంటే 'డీరిఫరెన్స్' అనే ఐచ్ఛికాన్ని, అంటే హైఫన్ తరువాత చిన్న 'హెచ్' అక్షరాన్ని, జోడించాలి.

జిప్ పద్ధతి ఇందుకు విరుద్ధం. అది సహజంగానే లింకు వెంట వెళ్ళి విషయాన్ని చేర్చుకుంటుంది. ఒకే చిత్రానికి మూడు లింకులుంటే మూడు ప్రతులు చేరి పరిమాణం పెరుగుతుంది. లింకులను లింకులుగానే ఉంచడానికి చిన్న 'వై' ఐచ్ఛికం అవసరం.

4. ఎంపికకు ప్రాతిపదిక:

లింకు, దాని గమ్యం రెండూ ఒకే ఆర్కైవ్‌లో ఉండి, దారి సాపేక్షంగా రాసినదైతే లింకులను అలాగే ఉంచడం మేలు. ఫోల్డర్ల అమరిక చెదరనంత వరకు వేరొక కంప్యూటర్‌లోనూ అవి పనిచేస్తాయి. గమ్యం ఆర్కైవ్‌కు వెలుపల ఉంటే విషయాన్నే చేర్చుకోవాలి. మూలం నుంచి పూర్తి దారి రాసిన లింకులు మరొక కంప్యూటర్‌లో తెగిపోయే అవకాశం ఎక్కువ. అయితే లింకు తాను ఉన్న పై ఫోల్డర్‌కే దారి తీస్తున్నప్పుడు దాని వెంట వెళ్ళడం ప్రమాదకరం. ఒకే విషయం పదేపదే చుట్టుకొనవచ్చు. కనుక అటువంటి లింకులను ముందే తొలగించాలి.

5. ముగింపు:

ఆర్కైవ్ ఏర్పడినంత మాత్రాన సామగ్రి భద్రమైనట్లు కాదు. టార్ వివరణాత్మక జాబితాలో 'ఎల్' అక్షరంతో మొదలయ్యే ప్రతి పంక్తీ ఒక లింకు. బాణం గుర్తు తరువాత దాని గమ్యం కనిపిస్తుంది. ఆ గమ్యాలు ఆర్కైవ్‌లో ఉన్నాయో లేవో సరిచూసి, అసలు డిస్కు అందుబాటులో లేని మరొక కంప్యూటర్‌లో విప్పి పరీక్షించిన తరువాతనే మూల ప్రతులను తొలగించడం శ్రేయస్కరం. తాళపత్రం శిథిలమైన తరువాత దాని ఛాయాచిత్రమే మిగిలిన ఆధారం. అది పోయిన తరువాత మిగిలే లింకు కేవలం ఒక చిరునామా.