గోకవరం దారిలో మా రెండెకరాలు

కోనసీమలో పుట్టిన మాకు పొలమంటే కాలువ, కాలువంటే గట్టున కొబ్బరిచెట్లు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన నాటినుండి మన డెల్టావారికి నీరు చేను దగ్గరికే వస్తోంది గదా! వానను మాత్రమే నమ్ముకున్న నేల ఎలా ఉంటుందో, 2016లో గోకవరం దగ్గర రెండెకరాల మెట్ట కొన్న తరువాతే మాకు తెలిసింది.

రాజమండ్రి నుండి గంట ప్రయాణం. ఎర్రనేల, కొద్దిపాటి వాలు, గట్టుమీద రెండు తాటిచెట్లు. మిగిలినదంతా రేగు, సర్కారు తుమ్మ, మాకు పేర్లు తెలియని తుప్పలు. మాది బ్యాంకు ఉద్యోగం కనుక నెలలో రెండో శనివారం, నాలుగో శనివారం మాత్రమే మా చేతిలో ఉంటాయి. ఆదివారం ఆరాధనకు ఊళ్లో ఉండాలి. అందుచేత శుక్రవారం రాత్రి పిల్లలతో సహా వెళ్లి రేకుల షెడ్డులో పడుకుని, శనివారం దీపాలవేళకు తిరిగి వస్తాము.

మొదటి వేసవిలో మేము చేసిన పని చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. పొక్లెయిన్ పెట్టించి ఒక్క రోజులో తుప్పంతా పీకించాము. నేల అద్దంలా ఉందని సంతోషించి, కడియపులంక నర్సరీలనుండి అరవై మామిడి మొక్కలు తెచ్చి నాటాము. జూలైలో రెండు పెద్ద వానలు కురిశాయి. ఆ శనివారం వెళ్లి చూస్తే పైమట్టి కొట్టుకుపోయి, చేను మధ్యన మోకాలిలోతు గండి పడి ఉంది. నలభై మొక్కలు పోయాయి. పక్కచేను తాతగారు వచ్చి చూసి, “తుప్పంతా పీకేత్తే నేల దేన్ని పట్టుకుని నిలబడుద్దండి బాబూ?” అన్నారు. ఇంటికి వచ్చేదాకా కారులో ఎవరమూ మాట్లాడలేదు.

ఆ తరువాత ఆయన చెప్పినట్లే చేశాము. వాలుకు అడ్డంగా కందకాలు తవ్వించి, తీసిన మట్టిని దిగువన కట్టగా వేయించాము. గట్లవెంబడి మళ్లీ మొలిచిన తుప్పను ముట్టుకోలేదు, సర్కారు తుమ్మను మాత్రం పెరగనివ్వలేదు. మామిడి పోయినచోట ఎనిమిది మీటర్ల ఎడంతో జీడిమామిడి పెట్టాము. దానికి నీటి ఆశ తక్కువ. వదిలేసిన ఆ తుప్పల్లోకి కౌజు పిట్టలు వచ్చాయి, జెముడు కాకి వచ్చింది. మా చిన్నవాడు పుస్తకాలకంటే వాటినే ఎక్కువ శ్రద్ధగా చదువుతున్నాడు. దీనికి వాళ్లమ్మ ఏమంటుందో ఇక్కడ రాయలేము!

గోకవరం దాటి ఇంకా ముందుకు వెళ్తే ఏజెన్సీ. రంప జలపాతం, మారేడుమిల్లి ఘాటు, మాఘమాసంలో విరగబూసిన మోదుగలు. వీలున్నప్పుడల్లా వెళ్తూనే ఉంటాము. అలా వెళ్లిన ఒకసారి, ఒక మధ్యవర్తి మాకు వాగుపక్కన మూడెకరాలు చూపించాడు. నల్లమట్టి, గలగలమనే నీరు, మా మెట్ట ధరలో సగం. “కాగితాలు అక్కడివాళ్ల పేరున ఉంటాయి సార్, అనుభవించేది మీరే” అన్నాడు. అటువంటి వాగు ఒడ్డున ఇల్లు కట్టుకోవాలని మాకు ఎంతకాలంగానో ఆశ.

చట్టం తెలియక కాదు. షెడ్యూలు ప్రాంతంలో గిరిజనులు కానివారికి భూమి బదలాయించరాదని 1959 నిబంధనలను సవరిస్తూ 1970లో వచ్చిన చట్టం చెప్పింది. 1/70 అంటే ఏజెన్సీలో చిన్నపిల్లలకూ తెలుసు. 1997లో సమత కేసులో సుప్రీంకోర్టు, గిరిజనులు కానివారికి గనుల కోసం ప్రభుత్వం సైతం అక్కడి భూమిని లీజుకివ్వరాదని తీర్పు చెప్పింది. అయినా, “అందరూ చేస్తున్నదే గదా” అనుకుంటూ ఆ రాత్రి షెడ్డులో కూర్చుని లెక్కలు వేసిన మాట వాస్తవం. మంచంమీద నిద్రపోయిందనుకున్న మా పెద్దమ్మాయి, “నాన్నా, ఆహాబు నాబోతును అడిగింది కూడా కూరతోట కోసమే గదా?” అంది. ఇద్దరమూ లెక్కల కాగితం మడిచేశాము. మరునాడు మధ్యవర్తికి ఫోను చేసి వద్దని చెప్పాము. ఆశ ఒక్కరోజులో చావలేదు. ఆ వాగు పక్కగా వెళ్లిన ప్రతిసారీ కారు కొంచెం నెమ్మదించేది.

ఇప్పుడు ఆ వాగుకు చుట్టాల్లా వెళ్తాము. పులిహోర తిని, కాసేపు నీళ్లలో కాళ్లు పెట్టుకుని, విస్తళ్లు మూటగట్టుకుని చీకటిపడకముందే వచ్చేస్తాము. మా చేనులో జీడిమామిడి కాపుకొచ్చింది. మధ్యన పడిన గండి మాత్రం ఇంకా పూర్తిగా పూడలేదు. వచ్చే వానల్లోగా దానికి అడ్డంగా రాళ్లు పేర్చాలని, రెండో శనివారం పారలతో రమ్మని తాతగారు కబురు పంపారు.