నర్సమ్మ ఆలోచనను కొలవడం ఎలా?

డాక్టరుగారు రౌండ్సుకు వచ్చి ఒక్కో రోగి దగ్గర కొద్ది నిమిషాలే ఉంటారు. మిగతా సమయమంతా, రాత్రనక పగలనక, రోగిని కనిపెట్టుకుని ఉండేది నర్సులే. రోగి పరిస్థితిలో వచ్చే మార్పు ముందుగా వారి కంటనే పడుతుంది. ఆ మార్పును చూసి వారు ఏమి ఆలోచిస్తారన్న దానిపై ఒక్కోసారి ప్రాణమే ఆధారపడి ఉంటుంది.

ఒక ఉదాహరణ చూద్దాం. షుగరు వ్యాధి ఉన్న 55 ఏళ్ల రైతు ఆళ్లగడ్డ నుంచి నంద్యాలకు బస్సులో వచ్చాడనుకోండి. "గ్యాస్ పట్టేసింది సిస్టర్, చెమటలు పోస్తున్నాయి" అంటాడు. గ్యాస్ మాత్ర ఇచ్చి కూర్చోబెట్టడం సులువే. కానీ ఆలోచించే నర్సు అక్కడితో ఆగదు. షుగరు బాగా పడిపోయినా చెమటలు పడతాయి. షుగరు రోగులకు ఛాతీలో పెద్దగా నొప్పి లేకుండానే గుండెపోటు రావచ్చు. అందుకే ఆమె వెంటనే షుగరు, నాడి, బి.పి. చూస్తుంది, డాక్టరుకు కబురు పంపుతుంది, పది నిమిషాల్లోపే ఇ.సి.జి. తీయిస్తుంది.

అయిదు 'సరైన'వి

ఈ నేర్పును ఆస్ట్రేలియాకు చెందిన నర్సింగ్ ఆచార్యురాలు ట్రేసీ లెవెట్-జోన్స్, ఆమె సహచరులు 2010లో అయిదు మాటల్లో చెప్పారు: సరైన ఆనవాళ్లు, సరైన రోగి, సరైన సమయం, సరైన పని, సరైన కారణం. ఆ ఆలోచన ఆధారంగా 2016లో తైవాన్ పరిశోధకులు 15 వాక్యాల ప్రశ్నావళి ప్రచురించారు. ప్రతి వాక్యానికీ నర్సు తనకు తాను 1 నుంచి 5 వరకు మార్కు వేసుకుంటుంది. కనీసం 15, గరిష్ఠం 75. ఈ కొలబద్ద తర్వాత ఇరాన్‌లో ఫార్సీ భాషలోకి కూడా వెళ్లింది.

అనువదిస్తే సరిపోతుందా?

సరిపోదు. తెలుగునే తీసుకుందాం. 'సూచన' అంటే ఆనవాలు అనీ అర్థముంది, ఆదేశం అనీ అర్థముంది. "రోగి విషయంలో సూచనలను గమనిస్తాను" అని రాస్తే, డాక్టరు చెప్పినట్టు చేస్తాననే అర్థంలో నర్సు ఎక్కువ మార్కు వేసుకోవచ్చు. అప్పుడు మనం కొలిచింది ఆలోచనను కాదు, విధేయతను. పైగా మన నర్సులు చదివేది ఇంగ్లీషులో, రోగితో మాట్లాడేది తెలుగులో.

అందుకే ఇలాంటి ప్రశ్నావళిని ముందు ఒకరు అనువదిస్తారు. మూలం చూడని మరొకరు దాన్ని తిరిగి మొదటి భాషలోకి మారుస్తారు. రెండూ పోల్చి తేడాలు సరిదిద్దుతారు. అనుభవం గల నర్సులు ప్రతి వాక్యాన్నీ పరిశీలిస్తారు. తర్వాత చాలామంది నర్సుల చేత జవాబులు రాయించి, వాక్యాలన్నీ ఒకే నేర్పును కొలుస్తున్నాయా, కొన్ని వారాల తర్వాత అడిగినా అవే జవాబులు వస్తున్నాయా అని లెక్కగడతారు. తూకపు రాళ్లకు ముద్ర వేయించినట్టే ఇదీ.

ఒక్క విషయం మరువరాదు. ఇది నర్సు తనకు తాను వేసుకునే మార్కు. ధైర్యం ఎక్కువున్నవారికి ఎక్కువ రావచ్చు, అణకువ గలవారికి తక్కువ రావచ్చు. కాబట్టి వార్డులో ఆమె పనిని కూడా చూడాలి. దీనిని శిక్షణలో లోటు తెలుసుకునేందుకు వాడాలి గాని, తప్పు పట్టేందుకు కాదు.

మీరు చేయగల సాయం

ఎంత తెలివిగల నర్సుకైనా ఆనవాళ్లు అందించేది మీరే. కాబట్టి:

• బాధ ఎప్పుడు మొదలైంది, ఎలా పెరిగింది అన్నది చెప్పండి.
• వాడుతున్న మందులన్నీ, నాటు మందులతో సహా, వెంట తీసుకురండి.
• "గ్యాస్", "నీరసం" అని ఊరుకోకుండా ఎక్కడ, ఎలా ఉందో వివరించండి.
• "మా నాన్న ఈ రోజు ఎప్పటిలా లేడు" అనిపిస్తే వెంటనే చెప్పండి. అది చిన్న మాట కాదు.

సిస్టరు అడిగిందే మళ్లీ అడిగితే విసుక్కోకండి. ఆమె మీ గురించే ఆలోచిస్తోంది.