మెషీన్‌లో ఉన్నదానికే మళ్లీ డబ్బు ఎందుకు కట్టాలి?

దోహా ఇండస్ట్రియల్ ఏరియా మెషీన్ షాపుల్లో పనిచేసే మన కుర్రాళ్లకు తరచూ వచ్చే సందేహం ఇది. పక్క షాపులో చక్కగా నడిచిన ప్రోగ్రామే మా మిల్లింగ్ మెషీన్‌లో వేస్తే ‘ఇంప్రాపర్ జీ కోడ్’ అని అలారం ఎందుకు కొడుతుంది? రెండూ ఫానుక్ కంట్రోళ్లే కదా?

ప్రోగ్రామ్‌లో తప్పేమీ లేకపోవచ్చు. ఆ కోడ్‌ను నడిపే ఆప్షన్‌ను మీ మెషీన్‌కు కొని ఉండరు. కంట్రోల్ కంపెనీలు చాలా పనులను సాఫ్ట్‌వేర్‌లో ముందే పెట్టి, కొన్న వాటికే తాళం తీస్తాయి. అచ్చులు చేసే షాపుకు కావలసింది వేరు, వాల్వులు రిపేరు చేసే షాపుకు కావలసింది వేరు. అన్నీ అందరికీ అంటగడితే మెషీన్ ధర పెరుగుతుంది. ఆప్షన్ల మీద కంపెనీలకు మంచి లాభం ఉందన్నదీ నిజమే. హాస్ మెషీన్‌కు ఇచ్చే కోడ్ ఆ ఒక్క మెషీన్‌కే చెల్లుతుంది. సీమెన్స్‌లో లైసెన్సు కంట్రోల్‌లోని మెమరీ కార్డు నంబరుకు ముడిపడి ఉంటుంది. అందుకే పక్కవాడి కోడ్ మనకు పనికిరాదు.

మరి ఏది కొనాలి? ఖతర్‌లో చాలా షాపులకు పని రాస్ లఫాన్, మెసయీద్ ప్లాంట్ల నుంచి వస్తుంది. అరిగిన పంపు భాగమో, ఒకటో రెండో ఫ్లేంజీలో. వేల ముక్కలు ఒకేలా చేసే పని కాదు. అలాంటి చోట వేగం పెంచే ఆప్షన్ల కన్నా సెట్టింగ్ సమయం తగ్గించేవే ముఖ్యం. నన్నడిగితే మొదటి డబ్బు మ్యాక్రోకే పెట్టమంటాను.

ఎందుకో చూడండి. 150 క్లాస్ 6 అంగుళాల ఫ్లేంజికి 241.3 మి.మీ. వృత్తం మీద 8 బోల్టు రంధ్రాలు. అవి మధ్యగీతల మీద కాకుండా వాటికి అటూ ఇటూ పడాలి కాబట్టి మొదటి రంధ్రం 22.5 డిగ్రీల దగ్గర మొదలవుతుంది. అంటే ఎక్స్ 111.466, వై 46.171. ఇలా ప్రతి రంధ్రానికీ లెక్క కట్టి టైపు చేస్తే ఎక్కడో ఒక అంకె తప్పుతుంది, ఖరీదైన ఫ్లేంజి స్క్రాప్‌లోకి పోతుంది. మ్యాక్రో ఉంటే వ్యాసం, రంధ్రాల సంఖ్య, మొదటి కోణం ఇస్తే చాలు, సైన్, కొసైన్ మెషీనే చూసుకుంటుంది. రేపు 10 అంగుళాలది వస్తే 362, 12, 15 అని మారిస్తే సరి.

తర్వాత రిజిడ్ ట్యాపింగ్. ఎం12 మర పిచ్ 1.75 మి.మీ. స్పిండిల్ నిమిషానికి 500 చుట్లు తిరిగితే జెడ్ సరిగ్గా 875 మి.మీ. కదలాలి. అడుగున ఆగి వెనక్కి తిరిగేటప్పుడూ రెండూ కలిసే ఉండాలి. ఈ పొత్తు కుదిర్చేది ఈ ఆప్షనే. అది లేకపోతే సాగే ట్యాప్ హోల్డర్ వాడాలి. పెద్ద మరలకు ట్యాప్ మాటే ఎత్తకండి. హెలికల్ ఇంటర్‌పొలేషన్ ఉంటే థ్రెడ్ మిల్‌తో కోయవచ్చు. వందల బ్లాకులు ముందే చదివే లుక్ అహెడ్ అచ్చుల షాపుకు ప్రాణం, మన రిపేరు పనికి అంత అవసరం లేదు.

ప్రోబ్ సంగతి వేరు. దానికి కోడ్ ఒక్కటే చాలదు, ప్రోబూ రిసీవరూ వైరింగూ కావాలి. వంకరగా బిగిసిన పాత జాబ్‌కు సెంటర్ వెతకడంలో దానికి సాటి లేదు. కానీ వేసవి ఎండలో యార్డులో పడి ఉన్న ఉక్కును తెచ్చి వెంటనే కొలిస్తే అది వేడి కొలతే చెబుతుంది. 500 మి.మీ. ముక్క 15 డిగ్రీలు చల్లబడితే సుమారు 86 మైక్రాన్లు తగ్గుతుంది. బేరింగ్ బోర్ అయితే రాత్రంతా షాపులో ఉంచి పొద్దున కోయండి.

సెకండ్‌హ్యాండ్ మెషీన్ కొనేటప్పుడు అమ్మేవాడి మాట మీద పోవద్దు. గాలిలో ఒక చిన్న ట్యాపింగ్ ప్రోగ్రామ్, ఒక మ్యాక్రో లైను నడిపించి చూడండి. మెషీన్‌తో వచ్చిన ప్యారామీటర్ షీటు అడిగి తీసుకోండి. చాలా ఫానుక్ కంట్రోళ్లలో ప్యారామీటర్లు బ్యాటరీ మీద నిలిచే మెమరీలో ఉంటాయి. బ్యాటరీ చచ్చిపోతే కొన్న ఆప్షన్లూ వాటితో పోవచ్చు. బ్యాకప్ ముందే కార్డులోకి తీసి పెట్టుకోండి. బ్యాటరీని మెషీన్ ఆన్‌లో ఉండగానే మార్చాలి.