ఇంజిన్‌కు ముందు, చేతికి తర్వాత

నంద్యాల నుంచి ఆళ్ళగడ్డ మీదుగా కడపకు పోయే దారిలో ఏదైనా కారు షెడ్డు దగ్గర కాసేపు ఆగి చూడండి. మెకానిక్ పాత ఆయిల్ సీల్ పెరికేసి, కొత్తది నొక్కి కూర్చోబెడుతుంటాడు. నల్లటి ఉంగరంలాంటి ఆ రబ్బరు ముక్క వేడి నూనెలో ఏళ్ల తరబడి నానినా మెత్తబడదు. దాన్ని బిగించేది మాత్రం ఒట్టి చెయ్యి. ఆ చేతికి పట్టిన నలుపు పొద్దుగూకాక పెట్రోలు పోసి తోమినా ఒక పట్టాన వదలదు. ఆ సీలుకున్న బలమే చేతికీ ఇవ్వొచ్చు. కానీ అలా ఇవ్వడానికి లోకానికి సుమారు అరవై ఏళ్లు పట్టింది.

రబ్బరు తొడుగు మొదట పేరు తెచ్చుకుంది ఆసుపత్రిలో. అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్‌లో 1889 చలికాలంలో కరోలిన్ హాంప్టన్ అనే నర్సు చేతులు పాదరసపు మందునీళ్లకు పొక్కిపోయాయి. సర్జన్ విలియం హాల్‌స్టెడ్ గుడ్‌ఇయర్ రబ్బర్ కంపెనీకి చెప్పి ఆమె కోసం పల్చటి తొడుగులు చేయించాడు. మరుసటి ఏడాది వాళ్లిద్దరూ పెళ్లి చేసుకున్నారు. ఆ తొడుగులు రోగికి క్రిములు సోకకుండా కాపాడతాయన్నది తర్వాత తేలిన సంగతి. అక్కడ తొడుగు మొదట పనిచేసే చేతి కోసమే వచ్చింది.

ఆ తొడుగు షెడ్డుకు వస్తే నిలవలేదు. చెట్టుపాల రబ్బరు కార్బన్, హైడ్రోజన్‌ల గొలుసు. పెట్రోలు, డీజిలు, ఇంజిన్ ఆయిలుదీ అదే కులం. అందుకే చుట్టం ఇంట్లోకి వచ్చినట్టు నూనె రబ్బరులోకి దూరిపోతుంది. రబ్బరు ఉబ్బి, సాగి, చిరుగుతుంది. బెలూను ముక్కను డీజిల్‌లో వేసి చూస్తే ఈ తంతు కళ్లారా కనిపిస్తుంది.

జర్మనీ రసాయన శాస్త్రవేత్తలు ఎరిక్ కోన్రాడ్, ఎడ్వర్డ్ చుంకుర్ 1930 ప్రాంతంలో బ్యుటడైన్‌కు ఆక్రిలోనైట్రైల్ కలిపి కొత్త రబ్బరు చేశారు. ఇందులోని నైట్రైల్ భాగానికి విద్యుత్ ధ్రువాలుంటాయి, నూనెకు ఉండవు. పొత్తు కుదరక నూనె బయటే ఆగిపోతుంది. ఆ రబ్బరు గొట్టాలుగా, సీళ్లుగా ఇంజిన్లలో చేరింది. చేతిదాకా రావడానికి మాత్రం బెలూన్ల వ్యాపారి నీల్ టిలట్‌సన్ పూనుకోవాల్సి వచ్చింది. ఎయిడ్స్ భయంతో 1980లలో ఆసుపత్రుల్లో లేటెక్స్ తొడుగుల వాడకం పెరిగి, దాంతో అలర్జీలూ పెరిగాయి. వాటికి బదులుగా వాడి పారేసే నైట్రైల్ తొడుగులు 1990లలో ఆయన ఫ్యాక్టరీ నుంచి వచ్చాయి. వాటితో షెడ్డుకూ మేలు జరిగింది.

నంద్యాల పత్తి సీమ. 1906 నుంచి ఇక్కడున్న వ్యవసాయ పరిశోధన కేంద్రం ‘నరసింహ’ లాంటి పత్తి రకాలను ఇచ్చింది. అందుకే నూలు గ్లౌజు చాలదా అనిపిస్తుంది. కానీ నూలు దీపపు వత్తి లాంటిది. నూనెను పీల్చి చర్మానికే అంటిపెడుతుంది. ఇంగ్లండులోని లాంకషైర్ నూలు మిల్లుల్లో కదుళ్ల నుంచి చిందిన ఖనిజ తైలం లాగులను తడిపి కార్మికులకు చర్మ క్యాన్సర్ తెచ్చిందని 1922లో వైద్యులు రాశారు. నేటి ఆయిళ్లను బాగా శుద్ధి చేస్తున్నారు. అయినా ఇంజిన్‌లో మాగి నల్లబడిన ఆయిల్‌లో హానికర పదార్థాలు పోగవుతాయి.

మరి ఏ పనికి ఏ తొడుగు? ఆళ్ళగడ్డ శిల్పి బండ చెక్కే ఉలితో విగ్రహానికి కన్ను తీర్చడు. ఇక్కడా అంతే. ఆయిల్, ఫిల్టర్, సీల్ పనికి నైట్రైల్ చాలు. అయితే ఆసుపత్రి రకం కన్నా కాస్త మందమైనది తీసుకోవాలి. పదునైన రేకు పనికి కెవ్లార్ వంటి కోతను తట్టుకునే నారతో అల్లినవి వాడాలి. ఆ నారను 1965లో స్టెఫనీ క్వొలెక్ కనిపెట్టింది. కాలిన సైలెన్సర్‌కు తోలు, బ్యాటరీ ఆసిడ్‌కు మోచేతి దాకా వచ్చే మందపాటి రబ్బరు కావాలి. థిన్నర్ ముందు నైట్రైల్ కూడా ఓడిపోతుంది. ఎలక్ట్రిక్ కారు హై వోల్టేజీ పనికి ఇవేవీ చాలవు, కరెంటు పనికని పరీక్షించిన తొడుగులే ఉండాలి.

తిరిగే ఫ్యాన్ బెల్టు దగ్గర, డ్రిల్లు దగ్గర మాత్రం గ్లౌజు తీసేయడమే క్షేమం. కొసన ఓ పోగు చిక్కినా చెయ్యి మొత్తం లోపలికి పోతుంది. ఒత్తిడి మీదున్న డీజిల్ పైపు కారుతోందా అని చేత్తో తడమకూడదు. సన్నటి ధార ఏ తొడుగునైనా చీల్చుకుని చర్మంలోకి దిగుతుంది.

విప్పిన సీల్‌ను మళ్లీ బిగించకూడదని షెడ్డులో చేరిన కుర్రాడికి మొదట్లోనే నేర్పుతారు. పల్చటి నైట్రైల్ గ్లౌజుకూ అదే పాఠం. ఒకసారి తీశాక అది చెత్తబుట్టకే.