నూనె ఎన్ని ప్యాకెట్లు తెస్తున్నారు?

బరువు తగ్గాలని నా దగ్గరికి వచ్చేవాళ్లలో సగం మంది కుర్చీలో సర్దుకుని కూర్చోకముందే అంటారు: "మేడమ్, నేను అసలేం తిననండీ." అబద్ధమని నేననుకోను. విజయవాడలో డైటీషియన్‌గా ఏళ్ల తరబడి వింటున్నాను కదా, తిన్నది ఎవరికీ గుర్తుండదు. కొన్నది మాత్రం గుర్తుంటుంది. అందుకే ఏం తిన్నారని అడగను, నెల సరుకుల చీటీ చూపించమంటాను.

సత్యనారాయణపురం నుంచి వచ్చిన ఒకావిడ చీటీ ఇది. ఇంట్లో నలుగురు. బియ్యం 25 కిలోల బస్తా, నూనె 5 లీటర్లు, పంచదార 4 కిలోలు, కందిపప్పు రెండు, మినప్పప్పు రెండు, ఆపైన ఇడ్లీ రవ్వ, బొంబాయి రవ్వ, గోధుమపిండి. ఆవిడ అప్పటికే అన్నం మానేసి కూర్చుంది.

నేను కాగితం తీసి భాగించాను. బియ్యం మనిషికి రోజుకు 200 గ్రాముల పైచిలుకు. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2,000 కేలరీల భోజనానికి చెప్పే లెక్కలో ధాన్యాలన్నీ కలిపి 250 గ్రాములు. అంటే బియ్యం ఒక్కటే గీత దాటలేదు, రవ్వలూ పిండీ కలిసి దాటించాయి. నూనె మనిషికి 40 మిల్లీలీటర్ల పైన పడుతోంది, సంస్థ చెప్పేది 27 గ్రాములు, అంటే సుమారు 30 మిల్లీలీటర్లు. పప్పులు రెండూ కలిపినా 33 గ్రాములే. పప్పు, గుడ్లు, మాంసం అన్నీ కలిపి 85 గ్రాములు ఉండాలి. ఆవిడ ఇంట్లో గుడ్డు కూడా తినరు. ఇక కూరగాయలు ఆకుకూరలతో కలిపి రోజుకు మనిషికి 400 గ్రాములు అంటే "అంతా?" అని నోరు తెరిచింది. ఆ ఇంట్లో పావుకిలో బెండకాయలు నలుగురికి వేపుడవుతాయి, అదీ ఒక పూటకి.

నింద అన్నం మీద పడింది గానీ, లెక్క చూస్తే అన్నం పక్కనున్నవాటిదే తప్పు ఎక్కువ. పప్పు పలచన, కూర కొంచెం, నూనె దండి. అలాంటి పళ్లెంలో కడుపు నిండాలంటే మళ్లీ అన్నమే వడ్డించుకోవాలి.

నూనె దగ్గర ఇంకాసేపు ఆగుతాను, ఎందుకంటే తగ్గించినా ఎవరికీ ఆకలి వేయని వస్తువు అదొక్కటే. గ్రాము నూనెకు 9 కేలరీలు. ఐదు లీటర్లను మూడుకు తెస్తే మనిషికి నెలకు అర లీటరు తగ్గుతుంది, అంటే సుమారు 4,000 కేలరీలు. ఒంట్లో కిలో కొవ్వు కరగడానికి ఇంచుమించు 7,700 కేలరీల లోటు కావాలంటారు. కాగితం మీద నెలకు అర కిలో అన్నమాట. ఒంట్లో అంత కచ్చితంగా జరగదు, బరువు తగ్గేకొద్దీ శరీరం తన ఖర్చునూ తగ్గించుకుంటుంది. అయినా ఇంటిల్లిపాదికీ ఎంతో కొంత తగ్గుతుంది, ఎవరూ పస్తుండక్కర్లేదు. ఎలా అంటే, ప్యాకెట్ వంచి పోయడం మానేసి చెంచాతో పోయడమే. వంకాయలు, దొండకాయలు మూతపెట్టి ఆవిరి మీద మగ్గించి, పోపు ఆఖర్న పెట్టుకోవాలి. వేపుడు వారానికోసారి. మొదట్లో "కూరలో నూనె తేలట్లేదేంటి?" అని ఇంటాయన సణుగుతాడు. సణగనివ్వండి, నాలుక అలవాటు పడుతుంది.

ఇక రాత్రి టిఫిన్ సంగతి. అన్నం మానేశామని గర్వంగా చెప్పేవాళ్లు రాత్రి మూడు దోసెలు, గిన్నెడు పల్లీ చట్నీ తింటారు. చిన్న గిన్నెడు అన్నం, గట్టి పప్పు, ఆకుకూర, మజ్జిగ తిన్నా అంతకంటే తక్కువ కేలరీలే పడతాయి, పైగా ఆకలి ఆగుతుంది. పెసరట్టు అయితే నాకు అభ్యంతరం లేదు, అందులో ఉప్మా పెట్టనంత వరకు.

అన్నం, రొట్టె అన్నీ ఒక్కసారి బంద్ చేసినవాళ్లకు మొదటి వారంలో రెండు కిలోలు తగ్గడం నిజమే. కాలేయంలో, కండరాల్లో దాచుకున్న గ్లైకోజన్ ఖర్చయ్యేటప్పుడు, ప్రతి గ్రాముతో పాటు సుమారు మూడు గ్రాముల నీరూ బయటికి పోతుంది. తూకం మిషన్‌కు నీటికీ కొవ్వుకీ తేడా తెలియదు. మళ్లీ తినడం మొదలుపెట్టగానే ఆ నీరు తిరిగొస్తుంది, మనిషి డీలా పడతాడు. వారానికి అర కిలో చాలు, అంతకంటే తొందర వద్దు.

ఆడవాళ్ల విషయంలో సరుకుల చీటీకి అందనిది ఒకటుంది. సాయంత్రం ఏడింటికి ఆకలేస్తుంది. "ఆయన కొట్టు కట్టేసి వచ్చాకే తింటానండీ" అంటుంది. ఈలోగా డబ్బాలోంచి నాలుగు జంతికలు, ఇంకో నాలుగు. పదింటికి ఆయనతో భోజనం. చివరికి గిన్నెలో మిగిలిన అన్నం పారేయలేక ఇంత ఆవకాయ కలుపుకుని ఆఖరి ముద్దలు. జంతికలూ ఆ ఆఖరి ముద్దలూ ఆవిడ లెక్కలోకే రావు. నేను సూటిగా చెబుతాను: ఏడున్నరకు మీరు తినేయండమ్మా, ఆయన వచ్చాక వడ్డించి పక్కన కూర్చుని మజ్జిగ తాగండి. మిగిలింది ఫ్రిజ్‌లో పెట్టండి, లేదా రేపటి నుంచి అర గ్లాసు బియ్యం తక్కువ పోయండి. అన్నిటికంటే కష్టంగా ఒప్పుకునేది ఈ సలహానే. కొన్నిసార్లు భర్తను కూడా పిలిపించి చెప్పాల్సి వస్తుంది.

సంక్రాంతికి అరిసెలు తినొద్దని నేను ఎవరికీ చెప్పను. శివరాత్రి దాకా ఆ డబ్బా ఇంట్లో ఉండటమే నాకు ఇష్టం లేదు.

నడకకు వంక పెట్టక్కర్లేదు. అరగంట చురుగ్గా నడిస్తే మామూలు మనిషికి ఖర్చయ్యేది 120, 150 కేలరీలు. వాకింగ్ అయ్యాక బండి దగ్గర తినే మైసూర్ బజ్జీ ప్లేటు అంతకు మించే ఉంటుంది. నడకతోనే బరువు తగ్గడం కష్టం, తగ్గిన బరువు నిలవడానికి మాత్రం నడక తప్పదు. యాభై దాటినవాళ్లు వారానికి రెండు మూడుసార్లు కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చునే వ్యాయామమైనా చేయాలి, లేకపోతే కొవ్వుతో పాటు కండా పోతుంది.

2025లో బరువు తగ్గించే మౌంజారో, వెగోవీ ఇంజెక్షన్లు మన దేశానికి వచ్చాక వాటి గురించి అడిగేవాళ్లు పెరిగారు. పనిచేస్తాయి, డాక్టరు పర్యవేక్షణలో కొందరికి అవసరం కూడా. వెగోవీలో ఉండే మందును ఆపేసినవాళ్లను పరిశీలిస్తే, తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు ఏడాదిలో తిరిగొచ్చినట్టు తేలింది. కాబట్టి సూది ఉన్నన్నాళ్లూ ఆకలి తక్కువే గనక, వంటింటి పద్ధతి మార్చుకోవడానికి అదే అదను.

తూకం కదలడం లేదని మానేసేవాళ్లకు చెన్నైలో జరిగిన పరిశోధన ఒకటి చెబుతుంటాను. డాక్టర్ ఎ. రామచంద్రన్ బృందం 2006లో ప్రచురించింది. షుగర్ అంచున ఉన్న 531 మందిని తీసుకుంటే, తిండి, నడక మార్చుకున్నవాళ్లలో షుగర్ వచ్చే ముప్పు 28.5 శాతం తగ్గింది. వాళ్ల బరువు మాత్రం చెప్పుకోదగ్గంత తగ్గలేదు!

అందుకే తూకంతో పాటు టేపు కూడా పెట్టుకోమంటాను. పక్కటెముకల చివరకీ తుంటి ఎముకకీ మధ్యన, ఊపిరి వదిలాక కొలవాలి. మన దేశంలో మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 హద్దు. నెలకోసారి చాలు. కొలిచేటప్పుడు చాలామంది పొట్ట లోపలికి బిగబడతారు, ఎవరూ చూడకపోయినా.